అరవై రెండు సంతకాలు

సోమవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు వాచీల మేస్త్రీ పట్టకారులోంచి వెంట్రుకంత స్ప్రింగు ఎగిరి కాఫీ కప్పులో పడింది. పది రోజుల్లో ఇది మూడోది.

కారణం నేల కింద ఉంది. దుకాణం కింది సెల్లారులో ఆయన బావమరిది, మరో ముగ్గురు కలిసి ‘ఉరుము’ అనే రాక్ బ్యాండు పెట్టారు. బావమరిది డ్రమ్స్ వాయిస్తాడు. శనివారం మొదటి ఆల్బం విడుదల, ఆదివారం నుంచి పదకొండు ఊళ్ల టూరు. అందుకని ఏడాదిగా తెల్లవార్లూ సాగే సాధన ఇప్పుడు ఉదయం ఏడింటికే మళ్లీ మొదలవుతోంది. పైన మేస్త్రీ గోడలకు ముప్ఫై ఏడు గడియారాలున్నాయి. అవి గంటలు కొడుతున్నాయో లేదో ఆయన చెవితో కాక, లోపలి సుత్తి కదలడం చూసి తెలుసుకునేవాడు.

“ఆ సంతేదో ఇంకోచోట పెట్టుకోమని మీ తమ్ముడికి చెప్పవే” అన్నాడు భార్యతో.

“ఉన్న ఒక్క తమ్ముడు. వాడు పైకొస్తుంటే చూడలేకపోతున్నారు.”

“పైకొస్తే నాకేం బాధ? కిందే ఉండిపోతున్నాడనే కదా!”

ఆమె గిన్నె ఠపీమని పెట్టింది. ఆ చప్పుడు తర్వాత మాట పొడిగించే ధైర్యం మేస్త్రీకి పెళ్లైన నాటి నుంచీ లేదు. గుట్టుగా వేరే దారి చూసుకున్నాడు. యాభై మంది సంతకాలు, ఇంటి నంబర్లతో తెస్తే మోత మీద విచారణ పెడతామని మునిసిపల్ గుమాస్తా చెప్పాడు. మేస్త్రీ ఒక కాగితం మీద ఫిర్యాదు రాసి, వెనక నాలుగు తెల్ల కాగితాలు క్లిప్పుతో తగిలించి, ఇల్లిల్లూ తిరిగాడు.

“మీ చుట్టం కదా అని ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఊరుకున్నాం” అంటూ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ మొదటి సంతకం చేసింది. బుధవారానికి అరవై రెండయ్యాయి.

ఆ మధ్యాహ్నం భార్య దుకాణంలోకి వచ్చింది. మేస్త్రీ గభాలున ఫిర్యాదు కాగితం లాగి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సంతకాల కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి.

“ఈ పేర్లేంటండీ?”

ఆమె కళ్లు చెమర్చాయి. పాట వినడానికి వస్తామని ఊళ్లో యాభై మంది పేర్లు, ఇంటి నంబర్లు ఇస్తేనే శనివారం విడుదలకు మునిసిపల్ హాలు ఇస్తానని దాని మేనేజరు ఆమె తమ్ముడికి షరతు పెట్టాడు. ఆ హాల్లో జనాన్ని చూశాకే టూరు ఖాయం చేస్తానని బ్యాండు ఏజెంటు చెప్పాడు. సాయం చేయమని ఆమె మొన్నే భర్తను అడిగింది.

“నోరే గానీ మీ మనసు వెన్నండీ” అని కాగితాలు పట్టుకుని మెట్లు దిగింది.

ఐదు నిమిషాల్లో బావమరిది వచ్చి ఆయన్ని అమాంతం ఎత్తి దించాడు. “బావా, నిన్ను మనసులో ఎన్ని తిట్టుకున్నానో! అన్నీ వెనక్కి తీసుకుంటున్నా!”

వెనక్కి రావాల్సినవి తిట్లు కాదు, కాగితాలు.

గురువారం హాలు మేనేజరు అరవై రెండు ఇళ్లకూ కార్డులు పంపాడు. ‘ఉరుము విషయమై మీ సంతకం అందినది. శనివారం సాయంత్రం ఆరు గంటలకు మునిసిపల్ హాలుకు రాగలరు. కుర్చీ కేటాయించబడినది.’

వీధి వీధంతా దాన్ని విచారణ అనుకుంది.

“చూశారా, మునిసిపాలిటీ బతికే ఉంది!” అంది హెడ్‌మిస్ట్రెస్. నిజం చెబితే వీధి తిడుతుంది, వీధి తిడితే భార్యకు తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేస్త్రీ శనివారం జ్వరమన్నాడు. భార్య థర్మామీటరు పెట్టి చూసి, బుధవారం నాటి చొక్కా మార్చుకోనివ్వకుండా హాలుకు లాక్కెళ్లింది.

అరవై రెండు మందీ వచ్చారు. కొందరు చెవి డాక్టరు చీటీలు తెచ్చారు. ఒకాయన పగిలిన కిటికీ అద్దం తెచ్చాడు. బ్యాండు వేదిక ఎక్కగానే హెడ్‌మిస్ట్రెస్ లేచి, “ఏదీ, ఫిర్యాదిలా ఇవ్వండి” అంటూ మేస్త్రీ జేబులోంచి కనిపిస్తున్న కాగితం లాక్కుని మైకు దగ్గరికి నడిచింది. అభిమాని అనుకుని గాయకుడు పక్కకు తప్పుకున్నాడు.

“మేస్త్రీగారు రాసిన ఫిర్యాదు! ఒకటి, నిద్ర లేదు!”

చెవుల్లో దూది పెట్టుకున్న బావమరిది డ్రమ్ము మీద ఒక్కటిచ్చాడు. ఆవిడ గొంతు పెంచింది.

“రెండు, అద్దాలు పగిలాయి!”

మళ్లీ ఒక్కటిచ్చాడు. అద్దం తెచ్చినాయన దాన్ని పైకెత్తాడు. హాలంతా లేచి, “ఆపండి! ఆపండి!” అని చప్పట్లు చరిచింది. గిటార్లు ఆ తాళం అందుకున్నాయి. ఇరవై నిమిషాలు ఎవరూ కూర్చోలేదు.

“పాతికేళ్ల సర్వీసులో ఒక్క క్లాసూ నా వెనక ఇలా పలకలేదు” అంది హెడ్‌మిస్ట్రెస్ దిగి వచ్చి.

ఇంత ఊపు తానెక్కడా చూడలేదని ఏజెంటు పదకొండు ఊళ్ల టూరును ముప్ఫై నాలుగు ఊళ్లకు, ఏడు నెలలకు పెంచాడు. బ్యాండు ఏడు నెలలు ఊళ్లో ఉండదని మేనేజరు మైకులో ప్రకటించాడు. వీధి దాన్ని తీర్పు అనుకుంది. అందరూ మేస్త్రీ చేయి పట్టుకుని ఊపి వెళ్లారు. పక్క కుర్చీలో అంతా విన్న భార్య, ఆయన కోసం ఆగకుండా ముందు నడిచి ఇల్లు చేరింది. చేరాక గిన్నె ఠపీమని పెట్టింది.

ఆదివారం వ్యాను వెళ్లిపోయింది. సోమవారం ఏడు గంటల నలభై నిమిషాలకు స్ప్రింగు మొదటిసారికే కూర్చుంది. ఎనిమిదింటికి ముప్ఫై ఏడు గడియారాలూ ఒకదాని వెనక ఒకటి కొట్టడం మొదలుపెట్టి ఎనిమిదీ నాలుగుకు ఆపాయి. ఏడాది తర్వాత మేస్త్రీ వాటిని విన్నాడు. వీధి కూడా వింది. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికీ వింది, ఐదింటికీ వింది.

పై సోమవారం మునిసిపల్ గుమాస్తా దుకాణానికి ఒక ఫిర్యాదు తెచ్చాడు. ఇంటి నంబర్లతో అరవై రెండు సంతకాలు. ఈసారి కాగితాలన్నీ కలిపి దారంతో కుట్టారు. మొదటి సంతకం మేస్త్రీ భార్యది.