అత్తగారికి కాటుక తెగులు

ఆ ఉదయం బౌదేలియో ఆలోచన చాలా సాధారణమైనది. అత్తగారు నిద్ర లేచేలోగా పెరట్లో ఏదో ఒక పని చేసిపెట్టి, మంచి అల్లుడనిపించుకోవాలి.

అతనికి ఆ అవసరం ఉంది. మెక్సికో ఉత్తరాన ఉన్న సొనోరా నుంచి భార్య సిత్లాలీతో ఊరూరా ఆగి, ఏ ఊరి వంట ఆ ఊళ్లో తింటూ వచ్చాడు. ఏది తిన్నా, "బాగానే ఉంది గానీ, మా గోధుమ రొట్టెతో పోల్చుకుంటే..." అనేవాడు. అత్తగారి ఊరు ఇస్తెంకోలో బస్సు దిగుతూ సిత్లాలీ, "మా అమ్మ ముందు ఆ ముక్కన్నావంటే తిరుగు బస్సు నువ్వొక్కడివే ఎక్కుతావు," అని తేల్చి చెప్పింది.

అల్లుడొచ్చాడని రాత్రంతా వంట చేసిన అత్తగారు తొమాసా ఇంకా ఆదమరచి నిద్రపోతోంది. సిత్లాలీ పిండిమరకు వెళ్లింది. బౌదేలియో పెరటి మొక్కజొన్నలోకి అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు. కంకుల నిండా బూడిదరంగు బొబ్బలు. వేలితో నొక్కితే లోపల నల్లటి ముద్ద. అతను తమ ఊళ్లో తెగుళ్ల మందుల కొట్టు నడుపుతాడు. చూడగానే గుర్తుపట్టాడు. కాటుక తెగులు!

దొరికిన కంకినల్లా కోసి సంచిలో కుక్కాడు. కాల్చేద్దామంటే అగ్గిపెట్టె లేదు. గోడ అవతల గాడిదతో పోతున్న ముసలి హిలారియోని కేకేశాడు.

"తాతా, అగ్గిపెట్టుందా? మా అత్తగారిదంతా పాడైపోయింది. నల్లగా ఉబ్బిపోయింది."

హిలారియో టోపీ తీసేశాడు. "రాత్రి బాగానే ఉందే! ఇప్పుడెలా ఉంది?"

"ఇంక ఆశ లేదు. పక్కవాళ్లకి అంటుకోకముందే కాల్చెయ్యాలి."

"అంత తొందరెందుకు బాబూ! అందర్నీ చూసుకోనివ్వు," అంటూ హిలారియో శిలువ గుర్తు వేసుకుని, గాడిదను అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు.

కాసేపటికి అతనే కొవ్వొత్తితో, కుండెడు కిత్తలి కల్లుతో వచ్చాడు. ఆ వెనకే ఒకావిడ కరకరలాడే కిత్తలి పురుగుల వేపుడు తెచ్చింది. ఇంకో ఆవిడ చిక్కుడు ముద్ద పెట్టి కాల్చిన నీలి మొక్కజొన్న రొట్టెలు తెచ్చింది. అందరూ గది గుమ్మంలోంచి తొమాసా వంక తొంగి చూసి, కళ్లొత్తుకుని, బౌదేలియోని గుండెకు హత్తుకున్నారు. కొత్తల్లుడికి ఇక్కడ ఇంత మర్యాదా అని అతను తబ్బిబ్బైపోయాడు.

"నాకోసం ఇంత శ్రమెందుకండీ?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నాయనా? తిను. గుండె దిటవు చేసుకో."

గుండె దిటవు చేసుకుని తిన్నాడు. పురుగుల వేపుడు మరోసారి పెట్టించుకున్నాడు కూడా. ఇంతలో వంటింట్లో చేరిన ఆడవాళ్లు ఏదో వేయించి, వేడి రొట్టెలో చుట్టి చేతికిచ్చారు. తారులా నల్లగా ఉంది. అనుమానంగా కొరికాడు.

నమలడం ఆపేశాడు. తొలివానకు తడిసిన నేల, పుట్టగొడుగు, లేత మొక్కజొన్న తీపి, పొయ్యి పొగ అన్నీ ఒక్కసారే నాలుక మీద కరిగాయి. గోధుమ రొట్టె సంగతి అతనికి గుర్తే రాలేదు. గుళ్లో నిలబడినట్టు గోడవారన చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు చివరికి, గుసగుసగా.

"నువ్వు సంచిలో కుక్కిన కంకుల్లోని ఆ నల్ల ముద్దే. ఏ ఏడు వస్తుందో, ఏ ఏడు రాదో! ఈసారి నీకోసమని మీ అత్త ఒక్క కంకి కూడా ముట్టనివ్వలేదు, పాపం."

బౌదేలియో చేతిలోని రొట్టె వంక చూశాడు. ఇన్నేళ్లుగా తను దీన్ని చంపే మందు అమ్ముతున్నాడు.

అప్పుడే వాకిట్లో కలకలం రేగింది. పక్కింటి క్రెసెన్సియా పెద్ద మట్టికుండతో వస్తోంది. ఊరి పండగ ఊరేగింపులో ఎవరి బిందె ముందుండాలన్న గొడవతో ఆవిడకూ తొమాసాకూ ఏళ్లుగా మాటల్లేవు. ఆ కుండలో నల్ల మోలె ఉంది, ఎండుమిరప, చాక్లెట్ నూరి వండిన చిక్కటి పులుసు. అది వండటంలో చేతి మహిమ అంతా ఆవిడదేనని ఊరంతా ఒప్పుకుంటుంది. తొమాసా గడపకు మాత్రం దాని వాసన కూడా సోకలేదు. క్రెసెన్సియా గదిలోకొచ్చి, కుండ దించి, తొమాసా మంచం మీద వాలిపోయింది.

"తొమాసా! నువ్వు పోతే నేనింకెవరితో పోట్లాడనే!"

తొమాసా కళ్లు తెరిచింది. "ఎవరే పోయింది?"

కెవ్వుమని కేకలు. హిలారియో చేతిలో కొవ్వొత్తి కిందపడింది. పిండి బిందెతో అప్పుడే లోపలికొచ్చిన సిత్లాలీ, ఆ జనాన్నీ కొవ్వొత్తినీ చూసి, బిందె వదిలేసి, "అమ్మా!" అని గొల్లుమంది.

"ఆపవే! బతికే ఉన్నాను," అని అరిచింది తొమాసా.

"ఆశ లేదన్నావుగా!" హిలారియో బౌదేలియో మీద పడ్డాడు. "నల్లగా ఉబ్బిపోయిందన్నావుగా!"

"మొక్కజొన్న గురించి తాతా! కాటుక తెగులని..."

తొమాసా చెప్పు కోసం మంచం కింద చెయ్యి పెట్టింది.

"తెగులా? కాల్చేద్దామనుకున్నావా?"

"అనుకున్నానత్తయ్యా. తినక ముందు." బౌదేలియో కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకా మిగిలుందా?"

తొమాసా చెయ్యి చెప్పు దగ్గరే ఆగిపోయింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు. చివరికి సిత్లాలీ కూడా కింద పోయిన పిండి ఎత్తుకుంటూ నవ్వేసింది.

నవ్వనిది క్రెసెన్సియా ఒక్కతే. మొహం గంటు పెట్టుకుని కుండ ఎత్తింది. "బతికే ఉన్నావుగా. నేనెళ్తాను."

మూత కాస్త తొలిగింది. ఆ వాసన గది నిండా పరుచుకుంది. తొమాసా నెమ్మదిగా వెనక్కి వాలి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"క్రెసెన్సియా, గుండె దడగా ఉందే. ఆ కుండ అక్కడ పెట్టి, కాసేపు నా దగ్గర కూర్చో."

కుండ అడుగు కనబడే దాకా తొమాసా గుండె దడకు ఏ మందూ పనిచెయ్యలేదు.