బోణీ కాకముందు

సోమవారం పొద్దున వైకుంఠం మూడు పనులు అనుకున్నాడు. దుకాణం తెరవాలి, దీపం పెట్టాలి, క్రెడిట్ కార్డు మూయించాలి. మొదటి రెండూ నలభై ఏళ్ళుగా రోజూ చేస్తున్నవే. మూడోది కూడా వాటి వెనకాలే నడిచి వస్తుందని నమ్మాడు.

నయాపూల్ దాటాక ఒక సన్నని సందులో అతని దుకాణం. తాళ్ళు, నవారు, సుతిలి అనే పురికొస అమ్ముతాడు. తాతల కాలం నుంచి అదే సరుకు, అదే గద్దె. గద్దె అంటే గల్లాపెట్టె వెనక పరిచిన బొంత, దాని మీద తెల్లగుడ్డ. ఇంటి పెద్ద తప్ప దాని మీద ఎవరూ కూర్చోరు.

కార్డు అతను అడిగి తెచ్చుకున్నది కాదు. మూడు నెలల క్రితం, షట్టర్ సగం లేపిన క్షణంలో చేతిలో ఫారాలు పట్టుకున్న ఒక అమ్మాయి ఎదురుపడి, "కార్డు తీసుకుంటారా సార్?" అని అడిగింది. అప్పటికి బోణీ కాలేదు. రోజులో మొదటి అమ్మకం జరిగే దాకా ఆ దుకాణంలో 'లేదు', 'వద్దు', 'మూసెయ్' అన్న మాటలు పలకరు. వైకుంఠం తలూపాడు. వారం తిరిగేసరికి బంగారు రంగు కార్డు వచ్చింది. దుకాణంలోకి ఏది కొత్తగా వచ్చినా కుంకుమ పెట్టడం అతని భార్య నాగమణమ్మకు అలవాటు. దానికీ పెట్టింది. అప్పటినుంచి అది లక్ష్మీదేవి పటం కింద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా తనకు తెలియకుండా తన ఇంట్లో ఎవరో కాపురం పెట్టినట్టు వైకుంఠానికి అనిపించేది.

ఆదివారం సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ చేసి కార్డు వద్దని స్పష్టంగా చెప్పాడు. మరుసటి రోజు పది, పదకొండు మధ్య తామే ఫోన్ చేస్తామని, అప్పుడు తన గొంతుతో మరోసారి చెప్తే రికార్డు చేసుకుని మూసేస్తామని అవతలివాళ్ళు అన్నారు.

పదీ ఇరవైకి ఫోన్ మోగింది. ఒకప్పుడైతే ఎనిమిదింటికల్లా బోణీ అయ్యేది. ఈ మధ్య పన్నెండు దాటితే గానీ కావడం లేదు.

"గుడ్ మార్నింగ్ సార్, బ్యాంకు నుంచి సోనీని మాట్లాడుతున్నాను. కార్డు క్లోజ్ చేయమన్నారు కదా, కన్ఫర్మ్ చేస్తారా?"

వైకుంఠం నోరు తెరిచాడు. ఎదురుగా దీపం, పక్కన ఖాళీ గల్లా. మాట గొంతు దాకా వచ్చి, గడప దగ్గర చెప్పులు విప్పే మనిషిలా అక్కడే వంగి ఉండిపోయింది.

"మంచిదమ్మా," అన్నాడు.

"అంటే క్లోజ్ చేయమంటారా, ఉంచమంటారా సార్?"

"మీరు ఎట్లంటే అట్ల."

"ఉంచుకుంటే ఈ ఏడు ఫీజు ఉండదు సార్. లిమిట్ కూడా డబుల్ చేస్తాం."

"మీ దయ."

"థాంక్యూ సార్."

"అమ్మా, మధ్యాహ్నం చేయరాదా ఫోను?"

"మధ్యాహ్నం మా టీమ్‌కు వేరే జిల్లాలు సార్."

తాడు చుట్ట చుడుతున్న కొడుకు నిఖిలేష్ చేతులు ఆపి తండ్రిని చూశాడు. "బాపు, తీసెయ్యమని ఫోన్ జేసి దాన్ని ఇంక పెద్దగ జేయించుకున్నవ్."

"ఇంక బోణీ గావాలె బిడ్డా."

"అయితే నేనే కొంట. పది రూపాయల సుతిలియ్యి."

"బోణీ అంటే బయటోళ్ళ పైసలే బిడ్డా."

వైకుంఠానికి పన్నెండేళ్ళున్నప్పుడు, ఒక పొద్దున మొదటి గిరాకీ కొబ్బరితాడు అడిగితే "లేదు" అన్నాడు. నిజంగానే లేదు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. దుకాణం ముందున్న మెట్టు మీద కూర్చోమన్నాడు. సాయంత్రం దాకా సందులో పోయే వాళ్ళందరూ అతన్ని చూశారు. ఆ రోజు నుంచి ఆ మాట అతని గొంతులో ఎక్కడో మెట్టు దిగి కూర్చుంది. పొద్దున పూట ఎంత పిలిచినా పైకి రాదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చిన నాగమణమ్మ ముందు నిఖిలేష్ లొల్లి పెట్టాడు.

"అమ్మా, వద్దన్న మాట నోట్లకెళ్ళి రానోడు దుకాణం ఎట్ల నడిపిస్తడు? ఎవడొచ్చి ఏమడిగినా మంచిది, మంచిది. గద్దె మీద నేను కూసుంట. బాపును ఇంట్ల రెస్టు తీసుకోమను."

నాగమణమ్మ డబ్బా మూత తీసింది. "శనారం దాకా సూద్దాం. గా లోపల మీ బాపు కార్డు బంద్ చేయిస్తే గద్దె ఆయనదే. లేకుంటే నీది. ఏందయ్యా, మంచిదేనా?"

"మంచిది," అన్నాడు వైకుంఠం. అన్నాక అన్నం సహించలేదు. ఇల్లంటే అతనికి రాత్రి పడుకునే చోటు. పగటిపూట ఆ ఇంట్లో మనుషులు ఎక్కడ కూర్చుంటారో, కూర్చుని దేని వైపు చూస్తారో అతనికి తెలియదు. ఆలోచించిన కొద్దీ గోడలే కనిపించాయి గానీ తను కనిపించలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి కార్డు వద్దన్నాడు. ఈసారి గొంతు గట్టిగానే ఉంది.

మంగళవారం ఫోన్ వేళకు కొడుకును దుకాణంలో ఉంచి తను బయటికి నడిచాడు. గద్దె దిగి, సందు దాటి, రోడ్డు మీద నిలబడితే మాట వస్తుందని లెక్క. పదీ పదికి ఫోన్ మోగింది. సోనీ అదే ప్రశ్న అడిగింది. మాట నిజంగానే నాలుక మీదికి వచ్చింది. అప్పుడే ఎదురుగా ఇత్తడి సామాన్ల బసవయ్య షట్టర్ లేపి, దండం పెట్టుకుని, ఇటు తిరిగాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే రోడ్డు మీదున్నవ్? అంతా మంచిదేనా?"

తన బోణీ చెడగొట్టుకోవడం తన ఖర్మ. ఇంకొకడి బోణీ చెడగొట్టడం పాపం. వైకుంఠం ఒక చేత్తో బసవయ్యకు నమస్కారం పెడుతూ ఫోన్‌లోకి, "సూద్దామమ్మా," అన్నాడు.

"అలాగే సార్. మేడమ్ పేరు మీద కూడా ఒకటి పంపించమంటారా? ఫ్రీయే."

బసవయ్య ఇంకా నవ్వుతూ చూస్తున్నాడు.

"సంతోషమమ్మా."

శుక్రవారం నాగమణమ్మ పేరున కార్డు వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుంకుమ పెట్టి, మొదటిదాని పక్కన పెట్టింది.  "రేపు శనారం," అంది.

ఈలోగా బ్యాంకులో ఈ ఖాతాదారు ఒక సమస్య అయ్యాడు. సాయంత్రం మూసేయమంటాడు, పొద్దున ఇచ్చిందల్లా పుచ్చుకుంటాడు. ఇలాంటి మనిషి అలిగిన పెద్దమనిషి అయి ఉండాలని, ఎవరైనా స్వయంగా వెళ్ళి మర్యాద చేయాలని అక్కడ నిర్ణయించారు.

శనివారం పదింటికి మహేందర్ అనే ఉద్యోగి మెడలో బ్యాంకు పట్టీతో, చేతిలో స్వీట్ల డబ్బాతో సందులోకి వచ్చాడు. నిఖిలేష్ తాళ్ళ కట్ట మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు. నాగమణమ్మ ఆ రోజు డబ్బా పొద్దున్నే తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సాక్షులిద్దరూ గద్దె వైపే చూస్తున్నారు.

"నమస్తే సేఠ్," అన్నాడు మహేందర్. "మీకు మా మీద కోపమొచ్చిందట. ఏం తక్కువైందో చెప్పుండ్రి. ఫోన్‌ల రికార్డింగ్ ఆన్ చేసిన. కార్డు ఉంచాల్నా, వద్దా, మీ నోటితోని ఒక్క మాట."

వైకుంఠం సుతిలి ఉండల బుట్టను అతని వైపు జరిపాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బాబూ, నువ్వు ఏమన్న కొను."

"నేనా?"

"నువ్వే. సుతిలి కొను, నవారు కొను. ముందుగాల కొను, తర్వాత మాట్లాడుకుందాం."

మహేందర్‌కు ఇది పెద్దమనిషి పెట్టిన షరతులా తోచింది. పై అధికారులు ఏదడిగినా కాదనొద్దన్నారు. సుతిలి ఉండ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత సేఠ్?"

"ఇరవై."

"పదికియ్యరాదుండ్రి."

బోణీ బేరం కాదనకూడదు. "తీస్కో," అన్నాడు వైకుంఠం.

మహేందర్ గోడకున్న క్యూఆర్ కోడ్‌కు ఫోన్ చూపించి డబ్బు పంపాడు. గల్లా పక్కనున్న చిన్న స్పీకరు డబ్బా పది రూపాయలు అందినట్టు గట్టిగా ప్రకటించింది. ఒకప్పుడు బోణీ నోటు కళ్ళకద్దుకునేవాడు. ఇప్పుడు అద్దుకోవడానికి ఏమీ లేదు. వైకుంఠం ఆ డబ్బాను రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మహేందర్ వైపు తిరిగాడు.

"వద్దు," అన్నాడు.

సందులో ఆటో ఒకటి వెళ్ళిపోయింది. నిఖిలేష్ కట్టుకున్న చేతులు వదిలేశాడు.

"ఆమె కార్డు కూడా వద్దు. స్వీట్లు కూడా వద్దు. నాకు సుగరు."

మహేందర్ రికార్డింగ్ ఆపి, కాగితాలు తీసి, సంతకాలు పెట్టించుకున్నాడు. వైకుంఠం తాళ్ళు కోసే కత్తితో రెండు కార్డులనూ అడ్డంగా కోశాడు. కుంకుమ కొద్దిగా గుడ్డ మీద రాలింది.

మహేందర్ వెళ్ళాక నాగమణమ్మ అంది. "మాట మాటే. గద్దె మీ బాపుదే."

నిఖిలేష్ తల దించుకున్నాడు. వైకుంఠం గద్దె మీది తెల్లగుడ్డను అరచేత్తో సవరించాడు. ఆ ఒక్క మాట బయటికి పోయాక లోపల చాలా జాగా ఏర్పడినట్టుంది. నలభై ఏళ్ళలో గద్దె తనకు కావాలో వద్దో ఎవరూ అడగలేదు. తనను తానూ అడగలేదు.

"వద్దు," అన్నాడు మళ్ళీ. "నువ్వే కూసో బిడ్డా. నేను ఇంటికి మాత్రం పోను. ఈడనే ఉంట."

లేచి వెళ్ళి దుకాణం ముందున్న మెట్టు మీద కూర్చున్నాడు. అది పన్నెండేళ్ళప్పుడు అనిపించినంత ఎత్తు లేదు. మధ్యాహ్నం దాకా సందును చూశాడు. బసవయ్య చాయ్ పంపితే వద్దన్నాడు. తర్వాత, దాహం వేసినా, ఇంకోసారి వద్దన్నాడు.

సోమవారం దీపం నిఖిలేష్ పెట్టాడు. పదీ పదిహేనుకు మహేందర్ కార్డులు మూసినట్టు రసీదు ఇవ్వడానికి వచ్చాడు. మెట్టు మీద ఉన్న తండ్రికి నమస్కారం పెట్టి, గద్దె మీద ఉన్న కొడుకును చూసి ముఖం విప్పార్చాడు.

"ముబారక్ భాయ్, మాలిక్ అయినవ్. దుకాణందార్లకు మా దగ్గర ఓ కొత్త కార్డున్నది. నీ పేరు మీద రాయాల్నా?"

నిఖిలేష్ నోరు తెరిచాడు. ఎదురుగా దీపం, పక్కన ఖాళీ గల్లా, గద్దె మీద అతని మొదటి పొద్దు. తల తిప్పి తండ్రి వైపు చూశాడు. వైకుంఠం సందు వైపు చూస్తున్నాడు.

"మంచిదన్నా," అన్నాడు నిఖిలేష్.

మహేందర్ ఫారం నింపుకుని వెళ్ళిపోయాడు. కొంతసేపటికి గద్దె మీంచి సన్నని గొంతు వినిపించింది. "బాపు, సాయంత్రం ఫోన్ జేసి వద్దని చెప్త."

"సాయంత్రం ఎవడైనా చెప్తడు బిడ్డా," అన్నాడు వైకుంఠం.

గురువారం కార్డు వచ్చింది. నాగమణమ్మ కుంకుమ పెట్టింది.