పెసరట్టు పిండికి సీలు

"ఒరే భాస్కర్! ఈ గోదావరి జిల్లాల్లో నేరం చేద్దామనుకునేవాళ్ళు ఇక వేరే పని వెతుక్కోవచ్చు. నేను సిద్ధమైపోయాను," అన్నాడు శశిభూషణ్, ఆదివారం పదింటికి మా అరుగు మీద కాలు మీద కాలేసుకుని.

శశి మా ఊళ్ళో జిరాక్సు షాపు నడుపుతాడు. షాపు అద్దం మీద 'ఆధార్ కలర్ ప్రింటు' అన్నదాని కింద 'డిటెక్టివ్ శశిభూషణ్, నేరం ఎక్కడో నేనక్కడ' అని రాయించుకున్నాడు. ఇంతవరకు వాడు పట్టుకున్న నేరస్థుడు ఒక్కడే. అతను పోస్టుమాన్ అని తరవాత తేలింది. నేను బడిపంతుల్ని, పైగా పక్కింటివాణ్ణి. అందుకని వాడికి అసిస్టెంటు ఉద్యోగం, జీతం లేకుండా, నాకే వచ్చింది.

"దేనికి సిద్ధమయ్యావు?" అన్నాను.

"అరణ్యానికి! 'అడవిలో ఒంటరి' ఎపిసోడ్లన్నీ చూసేశాను. ఆ కెప్టెన్ ఒక్క కత్తి పట్టుకుని ఏ కొండల్లోనో దిగిపోతాడు. పుల్లలు రాపాడించి మంట పుట్టిస్తాడు. తేలుని వేయించకుండా తినేస్తాడు."

"మనకి అడవి ఎక్కడుందిరా? భీమవరం చుట్టుపక్కల ఎటు నడిచినా రొయ్యల చెరువో, టీ కొట్టో తగులుతుంది."

"నేరమే ఒక కీకారణ్యం భాస్కర్!"

"సరే, ఆ ఒంటరివాడి వెనకాల నడుస్తూ వీడియో తీసేవాడు ఏం తింటాడో ఎప్పుడైనా చూపించారా?"

శశి కిందికాలు పైకి మార్చుకున్నాడు. "అది దర్యాప్తులో ఉంది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి వెంకటపతిరాజు గారు గేటు దగ్గర నుంచి కేకేశారు. "మాస్టారూ! ఓసారి రండి బాబూ! మావాడికి నోరు వాచిపోయిందండి!"

నాకంటే ముందు శశి పరుగెత్తాడు.

డాక్టరుగారు అప్పటికే వచ్చి ఇంజెక్షను ఇచ్చి వెళ్ళిపోయారట. రాజుగారబ్బాయి కార్తీక్ మత్తుగా పడుకుని ఉన్నాడు. పెదవులు బూరెల్లా పొంగి ఉన్నాయి. ప్రాణానికి భయం లేదుగానీ తిన్నదేదో పడలేదని, అదేంటో కనుక్కోమని, మళ్ళీ తింటే కష్టమని డాక్టరుగారు చెప్పారట. కనుక్కుందామంటే అబ్బాయి నాలుక తిరగడంలేదు, ఇప్పుడు కళ్ళు కూడా తెరవడంలేదు.

"పొద్దున్న వాడు తిన్నది పెసరట్టేనండి. కోడలు వేసింది," అన్నారు కార్తీక్ తల్లి సూర్యావతి గారు. ఆవిడ అన్నది అంతే. కానీ ఆ 'కోడలు' దగ్గర గొంతు కొంచెం ఆగింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ప్రణతి తల దించుకుంది. తణుకు నుంచి ఆ ఇంటికొచ్చి నెలన్నరైంది. అత్తగారు పొయ్యి పూర్తిగా ఆ అమ్మాయికి అప్పగించింది ఆ రోజే.

"ఎవరూ కదలకండి! ఇది నేరస్థలం!" అని శశి వంటింట్లోకి దూరాడు. మిగిలిన పెసరపిండి గిన్నె మీద పళ్ళెం బోర్లించి, జేబులోంచి గోధుమరంగు టేపు తీసి చుట్టూరా అంటించేశాడు. పైన షాపు రబ్బరు స్టాంపు కూడా గుద్దాడు. "పిండి స్వాధీనం!"

ప్రణతి నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అంది. "మాస్టారండీ, సాయంత్రం మా అమ్మ వస్తోందండి. మొగుడికి ఏదో పెట్టి మంచాన పడేసిందన్న మాట ఆవిడ చెవిన పడితే నేనెలా చెప్పుకోనండి?" కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు చాలా బాధేసింది. శశిని ఆ టేపుతోనే చుట్టేద్దామన్నంత కోపమూ వచ్చింది.

"అదే పిండితో వేసిన అట్టు ఇంకెవరు తిన్నారమ్మా?"

"నేను తిన్నానండి. మావయ్యగారు నాలుగు తిన్నారండి."

"ఐదు," అన్నారు రాజుగారు నిజాయితీగా. "అల్లప్పచ్చడి బాగుందండి."

"అదే అనుమానం!" అన్నాడు శశి. "రాజుగారింకా బతికే ఉన్నారు. అంటే విషం ఒక్క అట్టులోనే ఉంది!"

"ఆ ఒక్కదాంట్లో ఏం పడిందో ఏంటో," అని సూర్యావతి గారు నిట్టూర్చారు. సర్దిచెబుదామని నేను చేసిన ప్రయత్నం కాస్తా ఇలా ఇంకో మెట్టు దిగింది.

"అట్టు తిన్నాక అబ్బాయి ఎక్కడికెళ్ళాడమ్మా?" అన్నాను.

"ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళారండి. చాలాసేపటికి నోరు పట్టుకుని పరుగెత్తుకొచ్చారండి."

"పెరడు!" శశి కళ్ళు మెరిశాయి. "భాస్కర్, పద. ఇక కెప్టెన్ చూపిన దారే మన దారి."

రాజుగారూ మా వెంట వచ్చారు. ఆయన పెరడు పెద్దది. అరటిచెట్లు దాటాక కొబ్బరితోట, దాని పక్కన నీళ్ళ బోదె, ఆపైన రొయ్యల చెరువు గట్టు. కిందటి వారమంతా వాన కురిసింది.

"దారి తప్పకుండా ఉండాలంటే చెట్టు మీద నాచు చూడాలి. నాచు ఉన్నవైపు ఉత్తరం," అని శశి ఒక కొబ్బరిచెట్టు చుట్టూ తిరిగాడు. ఇంకో చెట్టు చుట్టూ తిరిగాడు. మా ఊరి తడికి ప్రతి చెట్టుకీ చుట్టూరా నాచే. అన్నివైపులా ఉత్తరమే.

"మనం ఉత్తర ధ్రువం మీద ఉన్నామా?" అని గొణుక్కుంటూ నడిచి బోదెలో మోకాలుదాకా దిగిపోయాడు. రాజుగారు చెయ్యిచ్చి లాగారు.

బోదె పక్కనే దొరికింది అసలు దృశ్యం. కొబ్బరిమట్టలు చెట్టుకి ఆనించి కట్టిన చిన్న పాక. దాని ముందు రాపాడించి నున్నగా అరిగిపోయిన రెండు పుల్లలు. వాటి పక్కన ఖాళీ అగ్గిపెట్టె. నేలలో తవ్విన గొయ్యి, ఒక గునపం. కొబ్బరిచిప్పలో పల్చగా కోసిన దుంప ముక్కలు.

"ముఠా స్థావరం!" అన్నాడు శశి గుసగుసగా.

"ఒక్కడు పడుకుంటేనే కాళ్ళు బయటికొస్తాయిరా."

"చిన్న ముఠా."

"ఆ గునపం మాదేనండి," అన్నారు రాజుగారు.

"గునపం కూడా దొంగిలించారన్నమాట! అంతా అర్థమైంది. రొయ్యల వ్యాపారంలో మీరంటే గిట్టనివాళ్ళు ఇక్కడ మాటువేశారు. గొట్టంతో వంటింటి కిటికీలోంచి పెసరట్టు మీద విషం ఊదారు."

"కిటికీకి దోమతెర ఉందండి."

"అందుకే ఒక్క అట్టు మీదే పడింది! మిగతాది దోమతెర ఆపేసింది."

రాజుగారు నావైపు చూశారు. నేను కొబ్బరిచెట్టువైపు చూశాను.

శశి చిప్పలోంచి ఒక ముక్క తీసుకున్నాడు. "నిందితుడి మనసు తెలియాలంటే నిందితుడి తిండి తినాలి. కెప్టెన్ కూడా ఇలాంటి దుంపే తవ్వి, కత్తితో చెక్కి, పచ్చిదే కరకర నమిలేశాడు. అడవిలో బతకడానికి మొదటి పాఠం అదే."

"తెలియని దుంప నోట్లో పెట్టకురా!" అన్నాను.

"నీకు తెలియకపోతే ప్రకృతికి తెలుసు," అని కొరికాడు.

మొదట గర్వంగా నమిలాడు. తరవాత ఆలోచనగా నమిలాడు. ఆ తరవాత నమలడం మానేశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నాలుక బయటపెట్టి తువ్వాలుతో బరబరా రుద్దుకుంటూ, "మంట! మంట!" అని ఇంటివైపు పరుగెత్తాడు. ఇన్నాళ్ళకి వాడు పుల్లలు లేకుండానే మంట పుట్టించాడు.

మేం వెనకే పరుగెత్తాం. ఆ కేకలకి సూర్యావతి గారు పెరటి గుమ్మంలోకి వచ్చారు. శశి చేతిలో మిగిలిన ముక్క చూసి నోటిమీద చెయ్యేసుకున్నారు.

"అయ్యో! ఇది నేను పెరట్లో వేసిన కంద కదండీ! పచ్చిది కొరికారా? ఎక్కడిదండీ మీకు?"

"బోదె పక్కన పాక దగ్గర, చిప్పలో ఉందండి," అన్నాను. ఆ పాక కట్టింది, ఈ దుంప కొరికింది కార్తీకేనని అప్పటికి నాకు వెలిగింది. పెళ్ళి భోజనాల్లో కందబచ్చలి ఎన్నిసార్లు వడ్డించుకుని తిన్నామో లెక్కలేదు. అది ఆకులోకి రాకముందు ఎలా ఉంటుందో శశికీ, నాకూ, కార్తీక్‌కీ ఎవరూ పరిచయం చెయ్యలేదు. వంటింటి ముఖం చూడని మగాళ్ళకి కందైనా ఒకటే, అడవి దుంపైనా ఒకటే.

అందరం ఒక్కసారే కార్తీక్ గదివైపు చూశాం.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అన్నారా!" అని రాజుగారు శశివంక చూసి నెత్తి కొట్టుకున్నారు.

ఈలోగా ప్రణతి చింతపండు ముద్ద పట్టుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే తెచ్చింది. "నమిలి రసం మింగండి, దురద లాగేస్తుంది," అని శశికిచ్చింది. రాజుగారు డాక్టరుగారికి ఫోను చేస్తే, దారిలోనే ఉన్నానని, ఇంకో ఇంజెక్షను పట్టుకొస్తానని చెప్పి ఆయన నవ్వారట.

ఈ గోలకి కార్తీక్ లేచొచ్చాడు. కంద అన్న మాట వినగానే తల వేలాడేశాడు. ఆ 'అడవిలో ఒంటరి' కార్యక్రమంలోకి కొత్తవాళ్ళని తీసుకుంటున్నారట. రాజుగారు నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా సాధన మొదలుపెట్టాడు. "టీవీలో పచ్చిదే తిన్నాడు నాన్నా," అన్నాడు, అదీ ముద్దముద్దగా.

ప్రణతి అతని ఫోను తీసి ఆ ఎపిసోడు పెట్టింది. కెప్టెన్ దుంప కొరికాడు, ప్రకటనలొచ్చాయి. కార్తీక్ అక్కడితో ఆపేసి పెరట్లోకి వెళ్ళిపోయాడన్నమాట. శశి కూడా అంతవరకే చూసి ఉంటాడు. ప్రకటనల తరవాత కెప్టెన్, అది ముందే ఉడికించిన దుంపని, తెలియని దుంపలేవీ పచ్చివి తినొద్దని చెప్పాడు. పక్కన డాక్టరు కూడా కనబడ్డాడు. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'ఇంట్లో ప్రయత్నించకండి' అని ఉంది.

"అయితే ఇవన్నీ అబద్ధాలేనా మాస్టారూ?" అన్నారు రాజుగారు.

"నీళ్ళు మరిగించి తాగమంటాడు, దారి తప్పితే కంగారుపడి తిరక్కుండా ఒకచోట ఆగమంటాడు. అవి మంచి మాటలేనండి. మిగతాది కెమెరా కోసం. అన్నిటికంటే పనికొచ్చే పాఠం మాత్రం ఆ చీమల్లాంటి అక్షరాల్లోనే ఉంది."

శశి చింతపండు చప్పరిస్తూ నా భుజం తట్టాడు. "చూషావా భాష్కర్! కావాలనే కొరికాను. కేషు క్లోజు!"

సూర్యావతి గారు వంటింట్లోకి వెళ్ళారు. టేపు చుట్టిన గిన్నెని దగ్గరికి లాక్కున్నారు. తరవాత గోళ్ళతో ఆ టేపు కొస పట్టుకుని చర్రున పీకేశారు. సాక్ష్యం నాశనం చేస్తున్నారని శశి అభ్యంతరం చెప్పబోయాడు గానీ నాలుక సహకరించలేదు.

"అమ్మాయ్," అన్నారు ఆవిడ, ప్రణతి చెయ్యి పట్టుకుని. "నా కొడుకు నోరు కందతో వాచింది, నా నోరు అనుమానంతో వాచింది. తప్పు నాదేనమ్మా. మీ అమ్మగారొచ్చేసరికి వేడివేడిగా వేద్దువుగాని. ముందు నాకొకటి వెయ్యి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

ప్రణతి ఏడుస్తూనే నవ్వి పెనం పెట్టింది. సూర్యావతి గారు అందరి ముందూ, హాలు మధ్యలో కూర్చుని, అల్లప్పచ్చడితో ఆ అట్టు చివరిదాకా తిన్నారు. తిని, రెండోది కూడా వెయ్యమన్నారు.