ఇంట్లోనే ఉంటావుగా!

పని బాగా సాగాలంటే తలుపేసుకుని, ఫోను ఎక్కడో పడేసి, ఎవరూ కదిలించని చోట కూర్చోవాలని చెప్పేవాళ్ళు ఈ మధ్య మరీ ఎక్కువయ్యారు. వాళ్ళ మాట నమ్మకండి! వాళ్ళెవరూ రేపల్లెలో మా వీధిలో కాపురం చేసినవాళ్ళు కాదు. పనిచేసే మనిషిని ఎవరో ఒకరు వచ్చి కదిలిస్తూనే ఉండాలి. అలా కదిలించే నాథుడు లేకే దేశంలో ఇన్ని ఆఫీసులు ఇలా తగలడ్డాయని నా నిశ్చితాభిప్రాయం.

చెప్పడానికి నువ్వెవరు అంటారా? నేను ఫ్రీలాన్సర్‌నండి. పేరు శోభారాణి. మిక్సీ, గీజరు, కుక్కరు లాంటివి కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఓ చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, మీరు విప్పి కూడా చూడకుండా పాత పేపర్లలో వేసేస్తారే, అది! దాన్ని తెలుగులో రాసేది నేనే. "మూత బిగించిన పిమ్మట మాత్రమే స్విచ్ వేయవలెను" అన్న వాక్యం మీ ఇంట్లోనూ ఎక్కడో ఉండే ఉంటుంది. దాని రచయిత్రి మీ ముందు నిలబడి ఉంది. ఫరవాలేదు, కూర్చోండి.

మా ఆయన వినోద్ కుమార్ పక్కనే ఉన్న నగరం మండలంలో ఓ ఊళ్ళో టీచరు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో క్యారేజీతో బండెక్కి వెళ్తారు. కాబట్టి ఆయనది ఉద్యోగం. నేను నైటీ మీద చున్నీ వేసుకుని, ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటాను. కాబట్టి నేను ఇంట్లోనే ఉంటాను!

ఈ "ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాటను మీరు తేలిగ్గా తీసుకోకండి. పెద్ద పెద్ద కంపెనీలు ఫీజులు కట్టి ట్రైనర్లను పిలిపించి నేర్పించే విద్యలన్నీ ఇందులోనే ఉన్నాయి.

మల్టీటాస్కింగ్ అంటారే, అది నాకు గ్యాసు సిలిండర్లు నేర్పాయి. మా వీధిలో ఎవరు బుక్ చేసినా సిలిండరు దిగేది మా వరండాలోనే. బండి అబ్బాయికి ఎవరి ఇల్లు ఎక్కడో తెలీదు, మా ఇల్లొక్కటే తెలుసు. వీధిలోవాళ్ళ తాళంచెవులన్నీ మా గోడ మేకుకే వేలాడుతుంటాయి. పైగా డాబా మీద ఎండే వడియాలకు కాకుల కాపలా! కంటికి విశ్రాంతి కోసం మధ్యమధ్య దూరంగా చూడమని కంటి డాక్టర్లు చెప్తారు కదా? కాకుల్ని చూడటం కన్నా దూరమేముంటుంది చెప్పండి?

ఇక నెట్‌వర్కింగ్! పక్కింటి అనసూయ పిన్నిగారు రోజూ కిటికీలోంచి నాతో మీటింగు పెడతారు. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం మైకు సెట్టు.

"శోభా, ఏంటి, ఖాళీయేనా?"

"పనిలో ఉన్నానండి పిన్నిగారూ."

"ఆ, కూర్చునేగా ఉన్నావు! మా మోటారు కట్టేయమ్మా, ట్యాంకు నిండిందేమో. నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటున్నా."

ఎదురింటి కోటయ్యగారిది రీసెర్చి విభాగం. రిటైరైన గుమాస్తా. రోజూ పదకొండింటికి మా వరండాలో కూర్చుని, తెనాలి రైలుబండి ఎక్కడుందో ఫోనులో చూడమంటారు. చూసి చెప్తాను.

"మీరెక్కడికైనా వెళ్తున్నారా అండి?" అని ఓసారి అడిగాను.

"లేదమ్మా. ఊరికే. అదెక్కడుందో తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది."

ఇంత సేవ చేసుకుంటూ ఎంత అద్భుతంగా పనిచేశానో కూడా చెప్పాలి. ఆ మధ్య ఓ కొత్త కంపెనీ నాకు ఓ మిక్సీ పుస్తకం ఇచ్చింది. ఇది పరీక్ష అన్నారు. నచ్చితే ఏడాది పొడవునా వాళ్ళ పుస్తకాలన్నీ నాకే. గ్రైండర్లు, ఫ్యాన్లు, వాటర్ హీటర్లు, అన్నీ! నెలనెలా ఎవరిస్తారా అని ఎదురుచూడకుండా, నాకంటూ ఓ గట్టి పని. ఇన్నాళ్ళుగా నేను కలలు కన్నది దాని కోసమే. రాత్రింబగళ్ళు రాసి శుక్రవారానికి పంపేశాను.

మర్నాడు ఆ కంపెనీ మనోహర్‌గారు ఫోన్ చేశారు. చాలా మర్యాదస్థుడు.

"మేడమ్, భాష చాలా బావుందండి. ఒక్క చిన్న డౌటు. ఏడో పేజీలో అనసూయ అని ఉంది. అది ఏ పార్టండి? బొమ్మలో ఎక్కడా కనపడటం లేదు."

పేజీ తీసి చూశాను. "జారును శుభ్రముగా కడిగి, తుడిచి, అనసూయ పిన్నిగారింట్లో ఇచ్చి, ఖాళీ సిలిండరు తీసుకొనవలెను" అని ఉంది! ఆ పక్క పేజీలో "మోటారు వేడెక్కినచో అయిదు నిమిషములు ఆపి, తెనాలి బండి ఎక్కడున్నదో చూడవలెను" అని కూడా ఉంది. చెవిలో పడ్డది పడ్డట్టు చేతుల్లోకి వచ్చేసింది. ఇంతటి ఏకాగ్రత మీలో ఎవరికైనా ఉందా?

"వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా సరిచేసి పంపండి మేడమ్. ఈసారీ ఇలాగే ఉంటే మాత్రం వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సొస్తుంది" అన్నారాయన. ఫోను పెట్టేసి ఏడ్చాను. సిగ్గేం లేదు, చెప్తున్నాను. ఏడుపు సగంలో ఉండగా కొరియర్ అబ్బాయి వచ్చాడు, పక్కింటివాళ్ళ పార్శిలుతో. సంతకం పెట్టి మళ్ళీ ఏడ్చాను.

మర్నాడు ఆదివారం. మా చర్చి గుడిలో ఆరాధన ముగిసేముందు, మా స్త్రీల సమాజం ప్రెసిడెంటు సరోజక్క లేచి నిలబడ్డారు. బంగారంలాంటి మనిషి. కళ్ళు మూసుకుని, గొంతు వణుకుతుండగా ప్రార్థన ఎత్తుకున్నారు.

"ప్రభువా, మా సహోదరి శోభారాణి ఇంత చదువుకుని ఇంట్లోనే ఖాళీగా కూర్చుంటోంది తండ్రీ. పగలంతా కంప్యూటరులో ఉద్యోగాలు వెతుక్కుంటోంది తండ్రీ. ఆమెకొక ద్వారము తెరువుము!"

గుడంతా "ఆమేన్" అంది. మా ఆయన కూడా అన్నారు! నేను మోచేత్తో ఒక్కటి పొడిచాను. "అలవాటులో వచ్చేసింది శోభా" అన్నారు.

ఇన్నేళ్ళుగా నేను రాసిన కుక్కర్లు, గీజర్లు అన్నీ ఒక్క ఆమేన్‌లో కొట్టుకుపోయాయి. కానీ నేను కోపం తెచ్చుకోలేదు. ప్రార్థన వృథా పోకూడదు కదా?

మా ఆయన ఒకప్పుడు బాపట్లలో ఏదో ట్రైనింగుకెళ్తే ఇచ్చిన ట్యాగు ఒకటి అలమరాలో పడి ఉంది. నీలం తాడు, దానికో ప్లాస్టిక్ కార్డు. సోమవారం పొద్దున పట్టు అంచు చీర కట్టుకుని, ఆ కార్డు వెనక్కి తిప్పి మెడలో వేసుకుని, క్యారేజీ పట్టుకుని వీధిలోకి దిగాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు అనసూయ పిన్నిగారు, కిటికీలోంచి సగం బయటికి వచ్చేసి.

"తెనాలిలో ఆఫీసండి. ఇవాళ్టి నుంచి రోజూ బండికి వెళ్ళాలి."

వీధి వీధంతా బయటికొచ్చింది. కోటయ్యగారు బండి రైట్ టైమేనని ధైర్యం చెప్పారు. నేను అందరి తాళంచెవులూ పిన్నిగారి చేతిలో పెట్టి, ముందు గుమ్మానికి పెద్ద తాళం వేసి, స్టేషను రోడ్డు వైపు నడిచాను. మలుపు తిరిగాక వెనక సందులోకి దూరి, మా పెరటి గేటు తీసుకుని, దొడ్డి గుమ్మంలోంచి మా ఇంట్లోకే వచ్చి, వెనక గదిలో ల్యాప్‌టాప్ తెరిచాను.

ప్రభువు ద్వారము తెరిచాడు. ఎటువైపు ద్వారమో సరోజక్క స్పష్టంగా అడగలేదు, అంతే!

ఏం చెప్పను! నా ఇంట్లో నేను దొంగలా మునివేళ్ళ మీద నడిచాను. కుక్కరు పెడితే కూత వినిపిస్తుందని క్యారేజీలో చద్దన్నమే తిన్నాను. తుమ్ము వస్తే దిండులో తుమ్మాను. ముందు వరండాలోకి ఎవరెవరో వస్తున్నారు, తాళం చూస్తున్నారు, "అయ్యో, శోభ ఆఫీసుకెళ్ళింది కదూ, పాపం" అని గొంతు తగ్గించి మరీ వెళ్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని పనిలో ఉన్నానని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినని జనం, ఆ ఇనుప తాళం మాట ఒక్క పూటలో విన్నారు.

సాయంత్రం మళ్ళీ వెనక నుంచి బయటపడి, స్టేషను రోడ్డు మీదుగా కాళ్ళీడ్చుకుంటూ వచ్చాను. అనసూయ పిన్నిగారు ఎదురొచ్చి నా చేతిలో క్యారేజీ అందుకున్నారు.

"ఎంత అలిసిపోయావే తల్లీ! కూర్చో, కాఫీ తెస్తాను. మా మోటారు నేనే కట్టేసుకున్నాలే."

అదే మిక్సీ. అదే ల్యాప్‌టాప్. అదే ఇల్లు. ఇన్నేళ్ళలో నా పనికి ఒక్కరు కాఫీ ఇవ్వలేదు సార్! ఆ కాఫీ తాగుతుంటే నాకు నిజంగానే తెనాలి వెళ్ళొచ్చినంత నీరసం వచ్చింది.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మూడైంది. ఇంకా ఆఖరి పేజీ ఉంది. సరిగ్గా అప్పుడే ముందు వరండాలో కుర్చీ చప్పుడు, కోటయ్యగారి నిట్టూర్పు.

"ఈ తెనాలి బండి ఎక్కడుందో ఏమో..." అన్నారు, తనలో తనే.

"లేటండి, ఇంకా వేమూరు దాటలేదు!" అనేశాను, అలవాటు కొద్దీ ఫోనులో చూసి, లోపల్నుంచి.

అన్నాక గానీ తెలియలేదు ఏం చేశానో. నోరు నొక్కుకుని, గోడకు కరుచుకుపోయి నిలబడ్డాను. అయిపోయింది, ఇప్పుడు వీధంతా వస్తుంది, ఏడాది పని గంగలో కలుస్తుంది!

"అలాగా. థాంక్స్ అమ్మా" అన్నారు కోటయ్యగారు. లేచి, కుర్చీ సర్దేసి, ప్రశాంతంగా ఇంటికెళ్ళి పడుకున్నారు. తాళం వేసిన ఇంట్లోంచి జవాబెలా వచ్చిందన్న అనుమానం ఆయనకు ఇప్పటిదాకా రాలేదు.

ఏడో పేజీలో అనసూయ లేదని రెండుసార్లు చూసుకుని పుస్తకం పంపేశాను. చీకటిపడకముందే మనోహర్‌గారు ఫోన్ చేశారు. పని నాదే! ఏడాదంతా నాదే! గట్టిగా అరవాలనిపించింది. కానీ ఆఫీసు టైములో అరవకూడదు కదా, దిండు నోట్లో కుక్కుకుని ఎగిరాను. ఆ ఆదివారం సరోజక్క గుడిలో నన్ను నిలబెట్టి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పించారు. నేను అబద్ధమాడలేదు. "అడిగినట్టే ద్వారం తెరుచుకుందండి" అని కూర్చున్నాను.

ఇక్కడితో అయిపోతే నేనే మీకు తలుపేసుకుని పనిచేసుకోమని చెప్పేదాన్ని. కానీ నేను ఆఫీసుకు పోయాక వీధి పనులన్నీ ఎక్కడికి పోతాయి? సిలిండర్లు పిన్నిగారి వరండాలో దిగాయి. తాళంచెవులు ఆవిడ మేకుకెక్కాయి. కోటయ్యగారు ఆవిడకు ఫోనులో బండి చూడటం నేర్పించారు. వెనక గదిలో కూర్చుని నేను రోజంతా వినేది ఒకటే. "అనసూయమ్మగారూ, ఇంట్లోనే ఉంటారుగా!"

కొన్నాళ్ళకు పిన్నిగారు వీధికంతటికీ ఓ కబురు చెప్పారు. మోకాళ్ళ నొప్పులకు బాపట్లలో ఎవరో మంచి వైద్యం చేస్తున్నారట. రోజూ పొద్దున్నే బస్సుకు వెళ్ళి సాయంత్రం రావాలట. "ఈ వయసులో ఎంత కష్టం పిన్నిగారూ" అని నేను నిజంగానే బాధపడ్డాను.

మర్నాడు యథాప్రకారం తాళం వేసి, స్టేషను రోడ్డు మలుపు తిరిగి, వెనక సందులోకి వచ్చాను. సందులో ఎవరో ఆడమనిషి, చేతిలో గొడుగు, భుజాన సంచీ, అటూ ఇటూ చూస్తూ మా పక్క పెరటి గేటు చప్పుడు కాకుండా తీస్తోంది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆవిడ కళ్ళు నా ట్యాగు మీద. నా కళ్ళు ఆవిడ మోకాళ్ళ మీద.

"తెనాలి బండి వెళ్ళిపోయిందా అమ్మా?" అన్నారు పిన్నిగారు, గొడుగు చంకలో పెట్టుకుని.

"వెళ్ళిపోయిందండి. బాపట్ల బస్సు?"

"అదీ వెళ్ళిపోయింది."

నవ్వు ఆగలేదు. ఇద్దరం కొంగులు నోటికడ్డం పెట్టుకుని, గోడకానుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. తర్వాత నేనే మెల్లగా అడిగాను.

"నాకంటే పుస్తకం పనుందండి. మీరు లోపల ఏం చేస్తారు పిన్నిగారూ?"

"ఏమీ చేయనే తల్లీ. కాళ్ళు చాపుకుని కూర్చుంటా. కాపరానికి వచ్చినప్పటినుంచీ అందరూ 'ఇంట్లోనే ఉంటావుగా, ఇంట్లోనే ఉంటావుగా' అనేవాళ్ళే. నలభై ఏళ్ళయింది. ఒక్క పూటైనా ఇంట్లో ఉండి చూద్దామని."

మెడలోంచి ట్యాగు తీసి ఆవిడ మెడలో వేశాను. ఆవిడ దాన్ని సర్దుకుని, గేటు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.