కన్నమ్మకు కావలసిన ఒక్క చూపు

శనివారం ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు విశ్వవిద్యాలయంలో ఐదు నెలల ప్రియను ఒక కెమెరా ముందు పది నిమిషాలు కూర్చోబెట్టాలి, మలేషియాలో క్లాంగ్ ఊళ్ళోని ఇంటికి తిరిగొచ్చి అన్నం తినాలి, నాలుగు గంటల బస్సుకు అమ్మమ్మ కన్నమ్మను ఆమె ఊరు సుంగై సుమున్ పంపించాలి. ఇందులో తేడా రావడానికి చోటే లేదని ప్రియ తల్లి షామిని అనుకుంది.

కన్నమ్మ ధ్యాస మాత్రం వేరే ఉంది. ఆమె వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో మనవరాలు తిరిగే ఫ్యానును చూసింది, పక్కింటి పిల్లిని చూసింది, గోడ మీది బల్లిని కూడా చూసింది. అమ్మమ్మను మాత్రం చూడలేదు. కన్నమ్మ చప్పట్లు కొట్టింది, చిటికెలు వేసింది, గాజులు గలగలలాడించింది, ముఖంలో ముఖం పెట్టి పిలిచింది. పిలిచిన ప్రతిసారీ పిల్ల కిటికీ వైపు తిరిగింది. మూడో నెలలో తల్లీపిల్లల్ని పుట్టింటి నుంచి పంపించాక రెండు నెలలుగా ఫోనులో చూస్తూ కళ్ళు కాయలు కాసిన మనిషికి అదెంత బాధో చెప్పనక్కర్లేదు. బస్సెక్కేలోగా ఆ పిల్ల ఒక్కసారి తన ముఖంలోకి చూస్తే చాలు, ఇంకేమీ అడగనని ఆమె దేవుడికి చెప్పుకుంది.

"పిల్ల ఎటు సూత్తాదో ఆ మిసను సెప్పేత్తాదా?" అని కూతుర్ని అడిగింది.

"చెప్తాది అమ్మా. కన్ను ఎటు తిరిగితే కంప్యూటర్‌లో అటు చుక్క పడతాది లా," అంది షామిని, మలేషియా అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

అయితే పిల్లకు తను కావాలో వద్దో కూడా ఆ యంత్రమే తేల్చేస్తుందని కన్నమ్మ నిర్ణయించేసుకుంది. యంత్రం కన్ను కూడా కన్నే కదా. షామిని స్నానానికి వెళ్ళగానే పిల్ల కళ్ళకు దట్టంగా కాటుక పెట్టి, బుగ్గ మీద ఇరవై సెన్‌ల నాణెమంత దిష్టిచుక్క దిద్దింది.

విశ్వవిద్యాలయంలో వాళ్ళకు ఎదురొచ్చిన చాందిని విజయవాడ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. పసిపిల్లలు కొత్త ముఖాన్ని చూసినప్పుడు ముందు కళ్ళను చూస్తారా, నోటిని చూస్తారా అన్నది ఆమె పరిశోధన. తెలుగు మాట వినగానే ఆమె ముఖం విప్పారింది. ఆ సంతోషం యంత్రం ఆన్ చేసేదాకానే నిలిచింది.

"అమ్మమ్మగారూ, దీని ప్రకారం పాపకి మూడు కళ్ళున్నాయండి. దిష్టిచుక్కని కూడా కన్ననుకుంటోంది."

"అంత పెద్ద మిసనుకి కన్నేదో సుక్కేదో తెలవదా?" అంది కన్నమ్మ.

తడిగుడ్డతో తుడిస్తే కాటుక చెంపలంతా పాకింది. యంత్రానికి ఈసారి ఒక్క కన్నూ దొరకలేదు. కన్నమ్మ సంచిలోంచి కొబ్బరినూనె తీసి రుద్దింది. కాటుక పోయింది, ముఖం నిగనిగలాడింది, మెరిసిన చోటల్లా కన్నేనని నమ్మిన యంత్రం ఐదు చూపించింది. జిడ్డు పోవాలని పౌడరు అద్దారు. ప్రియ తుమ్మింది. ఆ పౌడరంతా వెళ్ళి కెమెరా అద్దం మీద పడింది. చాందిని అద్దం తుడుస్తుండగా పిల్లకు ఆకలేసింది, పాలు తాగితే కునుకు పట్టింది, లేపితే ఏడ్చింది. ఒంటిగంట అయ్యేసరికి చాందినికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఎలాగో మళ్ళీ మొదలుపెట్టారు. తన కళ్ళను యంత్రం పట్టకుండా షామిని నల్లద్దాలు పెట్టుకుని, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"తల్లీ, ఆ తెర మీద నా పోటో కూడా పెడతావా?" అని కన్నమ్మ మెల్లగా అడిగింది.

"కుదరదండి. అందరు పిల్లలకీ అవే ముఖాలు చూపించాలి. మీరు బయట కూర్చుంటారా?"

కన్నమ్మ తలుపు పక్కకు జరిగింది. "నాను ఈ మూల నించుంటాను. మాటాడను. పిల్లని సూడను గూడా."

ఆమె మాట మీద నిలబడే మనిషి. షామిని వెనుక, తలుపు పక్కన నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. తన బంగారుతల్లి ఎవరో పరాయివాళ్ళ ముఖాలను చూస్తోందని తలచుకుంటే ఏడుపొచ్చింది. అయినా తెరవలేదు. అలా ఎనిమిది నిమిషాలు గడిచాయి.

"అయిపోయిందండి," అంది చాందిని నీరసంగా. "కానీ పనికిరాదు. పాప తెరకేసి చూడనేలేదు."

"మల్లీ నానేటి సేసినాను?"

"ఏమీ చెయ్యలేదు. అదే కారణం. మీద మీదికొస్తే పసిపిల్లలు ముఖం తిప్పేసుకుంటారండి. మీరు కదలకుండా నిలబడ్డారుగా, మెడ వెనక్కి తిప్పి మిమ్మల్నే చూసింది. మొదటి నుంచి చివరిదాకా."



"ఎనిమిది నిమిసాలు," అంది కన్నమ్మ. "నానేమో కళ్ళు మూసుకున్నాను." "ఇంకోపాలి పెట్టు తల్లీ. ఈపాలి తెరుసుకుని నించుంటాను," అంది.

"పాప పడుకున్నాది అమ్మా," అంది షామిని. "బస్సు పోతాది లా."

"బస్సు రేపు గూడా ఉంటాది."

కన్నమ్మ కుర్చీ లాక్కుని, నిద్రపోతున్న పిల్లకు ఎదురుగా కూర్చుంది. పిలవలేదు, చిటికె వెయ్యలేదు. ఆ కళ్ళు ఎప్పుడు తెరుచుకుంటాయా అని కదలకుండా చూస్తూ ఉండిపోయింది.

పాపను పరిశోధన నుంచి తొలగించడానికి కారణం రాయవలసిన గడిలో చాందిని కాసేపు ఆలోచించి, 'అమ్మమ్మ' అని రాసింది.