ఒక్క తుఫాను హెచ్చరిక ఇప్పించండి బాబూ!

చదువుకున్న బాబులూ, అమ్మలూ, కాస్త దగ్గరికి జరగండి. ఈ సంగతి గట్టిగా చెప్పేది కాదు. ఆఫీసుల చెవిన పడితే దీనిక్కూడా ఒక ఫారం పెడతారు.

ఏప్రిల్ నెల తుఫాను హెచ్చరికంత మేలైనది ఈ లోకంలో ఇంకోటి లేదు!

తుఫాను అనలేదమ్మా. హెచ్చరిక అన్నాను. తుఫాను అంటే ఏటో నాకు తెలుసు. మేం కొత్తగా దీవికొచ్చిన రోజుల్లో ఒకటొచ్చి మా ఇంటి రేకు ఎగరేసుకుపోయి పక్కవాళ్ల కొబ్బరిచెట్టుకి టోపీ పెట్టింది. అలాంటిది పగవాడికీ వద్దు. నేను చెప్పేది వస్తానని చెప్పి రానిది. చుట్టాల్లో కూడా అలాంటివాళ్లే కదా మంచివాళ్లు!

మా ఆయన ఫెర్రీ బోటు మీద సెరంగు. అంటే బోటు నడిపే పెద్ద. సముద్రంలో సింహం, ఇంట్లో గోనెసంచి. రేకులకి మేకులు కొట్టండి బాబూ అని మూడేళ్లు మొత్తుకుంటే "దేఖేంగే, దేఖేంగే" అంటూ, చూద్దాంలే అనేవారు. హెచ్చరిక చెప్పే సర్కారు జీపు మైకు పెట్టుకుని మా సందులోకి తిరిగిందో లేదో, నోటినిండా మేకులతో ఇంటి కప్పు మీదున్నారు. నేను చెప్పింది మూడేళ్లు, మైకు చెప్పింది మూడు నిమిషాలు. మరి హెచ్చరిక గొప్పదా, పెళ్లాం గొప్పదా?

పక్కింటి గవరమ్మ నాతో రెండేళ్లు మాటల్లేకుండా ఉంది. నా కోడి దాని మెంతికూర తిన్నదని. హెచ్చరికొచ్చిన పూట గోడ మీంచి తల పెట్టి, "అక్కా, అగ్గిపెట్టెలున్నాయా?" అంది. రేపు చచ్చిపోతామంటే ఈ రోజు ఎంత మర్యాదలొస్తాయో!

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం నీళ్లు.

మా డాలీగంజ్‌లో ఏప్రిలొచ్చిందంటే కొళాయి నాలుగు రోజులకోసారి దగ్గుతుంది. రెండు బిందెలు నిండేలోపు గురగురమని గొంతు పోతుంది. కానీ హెచ్చరికొచ్చిన రోజు? "సావధాన్! సావధాన్! పీనే కా పానీ భర్ కే రఖియే" అని మైకులో అరుస్తారు. తాగే నీళ్లు పట్టి ఉంచుకోండీ అని. పట్టుకోమన్నాక పట్టుకోడానికి ఇవ్వాలి కదా? అందుకని ఆ పూట వాల్వు తిప్పే లక్ష్ముడికి పైనించి ఆర్డరొచ్చేది. వాడు చక్రం తిప్పితే చీకటి పడేదాకా కొళాయి ఏనుగు తొండమే!

ఇప్పుడు అసలు కథ. ఇరవై అయిదేళ్ల కిందట మా పెద్దమ్మాయి పుష్పవతికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఆనందబాబుది హోప్ టౌన్. జెట్టీ మీద నిలబడితే అవతల కనపడే ఊరే. బోటెక్కితే వచ్చేస్తారు. చర్చిలో పదకొండింటికి పెళ్లి. ఒంటిగంట దాటితే అయ్యగారు ఇంకో పెళ్లికి వెళ్లిపోతారు. భోజనాలకి మూడొందలమంది. నెల, ఏప్రిల్. ఇంట్లో నీళ్లు, రెండు బిందెలు.

మూడొందలమందికి రెండు బిందెలు! ఒక్కొక్కరికి వేలు తడుపుకోడానికి చాలవు.

మోకాళ్లూనాను. "ప్రభువా, గాలి నీ మాట వింటుంది. పెళ్లి ముందురోజు ఒక్క హెచ్చరిక పంపు. తుఫాను మాత్రం నీ దగ్గరే ఉంచుకో" అని ప్రార్థన చేసుకున్నాను.

నా ప్రార్థన విన్నాడమ్మా. చిక్కంతా అక్కడే వచ్చింది.

పెళ్లి ముందురోజు మూడింటికి జీపొచ్చింది. "సావధాన్!" అంది. నేను స్తోత్రం అన్నాను. జనం కిటికీలు బిగించుకుంటున్నారు, నేను డ్రమ్ములు దొర్లించుకుంటున్నాను. పదిహేడు డ్రమ్ములు, రెండు గంగాళాలు, పక్కింటివాళ్ల తొట్టి, ఆఖరికి గవరమ్మ మనవడి ఉయ్యాలతొట్టి కూడా నింపేశాను. ఇంట్లో నడవడానికి తోవ లేదు, నా సంతోషానికి హద్దు లేదు.

అప్పుడు మా ఆయన టోపీ తీసి, గుమ్మంలో కూలబడ్డారు.

"ఏటయిందండీ?"

"హెచ్చరికుంటే బోటు తియ్యకూడదే."

"అయితే?"

"రేపు పెళ్లికొడుకు రాడే."

ఏం చెప్పమంటారు! నీళ్లు వస్తే అల్లుడు రాడు, అల్లుడు వస్తే నీళ్లు రావు. నా ప్రార్థనలో ఈ ముక్క మర్చిపోయాను. నాలుగో తరగతి చదువు మరి!

తెల్లారింది. సముద్రం చూడండి, నూనె పోసి దువ్విన తలలా ఉంది. ఆకు కదలదు. ఎండకి కాకులు నోళ్లు తెరుచుకున్నాయి. ఈ ఒడ్డున పెళ్లికూతురి తండ్రి, ఆయన వెనక ఆయన బోటు. ఆ ఒడ్డున నల్లసూటేసుకుని పెళ్లికొడుకు, వాడి వెనక నలభైమంది. ఇటునించి ఈయన తువ్వాలు ఊపడం, అటునించి వాళ్లు రుమాళ్లు ఊపడం!

"గాలి లేదు కదండీ, ఒక్కసారి వెళ్లి తీసుకొచ్చేయండి" అన్నాను.

"గాలి లేకపోయినా ఆర్డరు ఉంది" అన్నారు. ఇంట్లో గోనెసంచి అన్నానా? బోటు దగ్గర మాత్రం సింహమే.

ఆఖరికి వాళ్లు ఒక లారీ మాట్లాడుకుని, ఫెరార్‌గంజ్ మీదుగా, కొండలు చుట్టి బయల్దేరారు. అప్పుడా రోడ్డు సగం రోడ్డు, సగం వాగ్దానం. పన్నెండుంబావుకి మా ఇంటి ముందు ఆగింది లారీ. అందులోంచి నలభై ఇటుకలు దిగాయి. తల నించి కాలి దాకా ఎర్రదుమ్ము! పెళ్లికొడుకెవడో పోల్చుకోడానికి కళ్లజోడు చూడాల్సొచ్చింది.

వియ్యపురాలు జ్ఞానవతి దిగుతూనే, "వదినా, పలకరింపులు తర్వాత. ముందు నీళ్లు!" అంది.

కాదనగలనా? మగపెళ్లివారు! నలభైమంది, డ్రమ్ముల మీద పడ్డారు. మొహాలన్నారు, కాళ్లన్నారు, ఒకాయన సబ్బడిగాడు. లారీ డ్రైవరు లారీ కూడా కడిగాడు! నేను నవ్వుతూనే ఉన్నాను, ఒక్కో డ్రమ్ము ఖాళీ అవుతుంటే ఒక్కో పన్ను రాలిపోతున్నట్టుంది. అందరూ అయ్యాక, తల్లి చెంగు పట్టుకుని ఆఖర్న వచ్చాడు అల్లుడు. అప్పటికి మిగిలింది ఒక్క డ్రమ్ము.

ఆ డ్రమ్ము మీద గవరమ్మ పొదిగే కోడిలా కూర్చుంది. పెళ్లివంటకి ఎసరు పెట్టే పని దానిదే. "అక్కా, తొందరగా తెమల్చు. అన్నం వండమంటావా, అల్లుణ్ణి కడగమంటావా?"

అందరూ నా మొహం చూస్తున్నారు. చర్చిలోంచి అయ్యగారు గడియారం చూస్తున్నారు. పావు తక్కువ ఒంటిగంట.

"అన్నం వండు" అన్నాను.

ఆనందబాబు రుమాలుతో కళ్లజోడు మాత్రం తుడుచుకుని, ఇటుకరంగు సూటుతోనే చర్చికి నడిచాడు. ప్రమాణం చేస్తుంటే నోట్లోంచి కూడా దుమ్మొచ్చింది. ఫొటోలు నలుపు తెలుపు కాబట్టి బతికిపోయాం. ఈనాటికీ ఏదన్నా మాటామాటా వస్తే, "మీ అమ్మ నాకన్నా అన్నమే ముఖ్యమనుకుంది" అని పుష్పవతిని దెప్పుతాడు. మూడొందలమంది తిన్న అన్నం నాయనా అది! నువ్వూ రెండుసార్లు వడ్డించుకున్నావు!

ఆ సాయంత్రమే జీపొచ్చి హెచ్చరిక తీసేశాం అంది. ఇక కొళాయి మళ్లీ నాలుగు రోజుల దగ్గే. పరిగెత్తుకెళ్లి లక్ష్ముణ్ణి పట్టుకున్నాను.

"ఒరే లక్ష్ముడూ, చుక్క వాన పడలేదు. మొన్న లేని నీళ్లు నిన్న ఎక్కణ్ణించి వచ్చాయిరా?"

"నీళ్లు మొన్నా ఉన్నాయమ్మా. ఆర్డరే నిన్నొచ్చింది" అన్నాడు, చక్రం బిగిస్తూ.

వాడి తప్పు లేదు. తుఫానుకి మైకుంది, జీపుంది. దాహానికి ఏముంది? పాపం, దానికి జీపెక్కడం రాదు!

సరే, పాతకథ ఎందుకంటారా? ఈ ఏప్రిల్లో ఒక బుధవారం పుష్పవతి కూతురి పెళ్లి. డాలీగంజ్‌లోనే. కొళాయి నాలుగు రోజులది ఇప్పుడు అయిదు రోజులకి దగ్గుతోంది. పెళ్లికొడుకుది రంగత్, ఉత్తరాన ఇంకో దీవి. బస్సులో వస్తాడు, బోట్లోనూ వస్తాడు, దుమ్ముతోనూ వస్తాడు.

అందుకని వాతావరణం చెప్పే ఆఫీసులో ఎవరన్నా తెలిసినవాళ్లుంటే, బాబూ, నా పేరు చెప్పండి. డాలీగంజ్ మేరమ్మ. ఒక్క హెచ్చరిక, చిన్నదే చాలు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పెట్టి, బుధవారం పొద్దున్నే బోట్లు కదిలే వేళకి తీసేస్తే చాలు. ఏ కాకికీ హాని చెయ్యదు.

అది కుదరదంటే, హెచ్చరిక లేకుండా ఉత్తి దాహానికే చక్రం తిప్పే ఆర్డరు ఏ బీరువాలో ఉందో తెలుసుకోండి. నేను యాభయ్యేళ్లుగా వెతుకుతున్నాను. నా వల్ల కాకపోతే మీరు వెతకాలి. కాబట్టి నా మాట గుర్తుంచుకోండి, మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి, వాళ్ల పిల్లలకి చెప్పించండి. ఎర్రదుమ్ము పెళ్లికొడుకు సంగతి వదిలేసినా ఫరవాలేదు గానీ, లక్ష్ముడు అన్న మాట మాత్రం ఒక్క అక్షరం పోకుండా చెప్పండి.