ఎడమవైపు చూడండి

ఒక పెద్ద అడవిలో దారులకంటే కాలువలే ఎక్కువ. సముద్రం దగ్గర కాబట్టి రోజుకి రెండుసార్లు పోటు వచ్చి కాలువలు నిండేవి, రెండుసార్లు ఆటు వచ్చి బురద తేలేది. అలాంటి చోట జలవిహార శాఖ పెట్టమని మృగరాజుగారికి ఎవరు చెప్పారో గాని, పెట్టేశారు. పొద్దున తొమ్మిదికి నావ బయల్దేరాలి, సాయంత్రం ఐదుకి రేవుకి రావాలి. కాలువలో నీళ్ళున్నాయా లేవా అన్నది శాఖ చూసుకునే విషయం కాదు.

ఆ నావకి గైడు నూకరాజు అనే నీటికుక్క. గెడ వేసి నావ నడిపేదీ అతనే. ఆరేళ్ళుగా టెంపరరీ.

పర్మనెంటు అయితే ఎత్తుగట్టు మీద పొడిగా ఉండే బొరియ ఇస్తారు. ఇప్పుడుంటున్న బొరియలోకి పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళొస్తాయి. నీటికుక్కలకి నీళ్ళంటే భయమేమిటని నవ్వకండి. ఇంకా ఈత రాని నలుగురు పిల్లల్ని రోజుకి రెండుసార్లు నోట కరుచుకుని గట్టెక్కించే అతని భార్య పైడమ్మని అడగండి, చెబుతుంది.

"ఇయ్యాలన్నా సంతకం పెట్టించుకు రండి. చిన్నదానికి దగ్గు తగ్గట్లేదు" అందామె ఆ పొద్దున.

ఆ రోజు తనిఖీ సంఘం వస్తోంది మరి. సంఘానికి చైర్మన్ భల్లూకరావు అనే ఎలుగుబంటి, సభ్యురాలు ఒక నెమలి, రిజిస్టరు రాసే గుమాస్తా ఒక పునుగుపిల్లి. వాళ్ళు నావలో తిరిగి, బాగుందని సంతకం పెడితే నూకరాజు పర్మనెంటు.

రేవు దగ్గర మేనేజరు కొంగ బకేశ్వరరావు ఒంటికాలి మీద నిలబడి చివరి జాగ్రత్తలు చెప్పాడు. "పాఠం ఉందిగా? తూచా తప్పకుండా చదువు. నీ సొంత మాట ఒక్కటి వచ్చినా నేను పూచీ కాదు."

పాఠమంటే శాఖ ఆమోదించిన కాయితం. దాన్ని రాసిన పెద్దమనిషి ఒక్కసారే నావెక్కాడు, ఎడమవైపు కూర్చున్నాడు, తిరుగు ప్రయాణంలో నిద్రపోయాడు. అందుకని ఆ కాయితంలో ప్రతి వాక్యమూ 'ఎడమవైపు చూడండి' అనే మొదలవుతుంది. వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడూ అదే పాఠం చివర్నించి చదవాలి; అప్పుడు చూడాల్సినవన్నీ కుడివైపుంటాయి, అయినా పాఠం పాఠమే. ఈ సంగతి నూకరాజు మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే, కాలువని తిప్పే అధికారం శాఖకి లేదని జవాబొచ్చింది.

పాఠంలో ఆఖరి వాక్యం మొసలి గురించి. మూడింటికి మొసలి వంపు దగ్గర మొసలి నోరు తెరుచుకుని కనిపించాలి. నిజం మొసలి రెండేళ్ళ కిందటే, సెలవు చీటీ కూడా ఇవ్వకుండా, కాలువ సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్ళిపోయింది. ఖాళీ పెట్టకూడదని బకేశ్వరరావు గవరయ్య అనే ఉడుముని ఇన్‌చార్జి మొసలిగా వేశాడు. ఎత్తుగట్టు మీద మొసలికి కేటాయించిన బొరియ కూడా ఇచ్చాడు. మూడింటికి వచ్చి పది నిమిషాలు నోరు తెరిచి పడుకోవడం గవరయ్య డ్యూటీ.

"మరీ చిన్నగా ఉందే?" అని ప్రయాణికులెవరైనా అడిగితే, "దూరంగా ఉంది కదండీ, అలాగే కనిపిస్తది" అనేవాడు నూకరాజు. గవరయ్య పదడుగుల దూరంలోనే ఉండేవాడు.

తొమ్మిదికి నావ బయల్దేరింది. అంటే బయల్దేరినట్టు రిజిస్టర్లో రాశారు. ఆటు సమయం కావడంతో నావ బురదలోనే కూర్చుంది. నూకరాజు పాఠం చదివాడు. సంఘం గంటన్నర సేపు ఒకే పీతని ఎడమవైపు చూసింది.

"ప్రయాణం హాయిగా ఉంది. కుదుపు లేదు" అన్నాడు భల్లూకరావు. గుమాస్తా రాసుకుంది.

తర్వాత పోటు వచ్చి నావ కదిలింది. రేవు దాటగానే తేనెపట్టు చెట్టు వచ్చింది, తర్వాత పీతల దిబ్బ, ఆ తర్వాత కొంగలు వాలే మడచెట్టు. మధ్యలో ఇసుకదిబ్బ మీద భోజనాలు. సరిగ్గా మూడింటికి మొసలి వంపు. గవరయ్య బుద్ధిగా నోరు తెరుచుకుని పడుకున్నాడు.

"ఎడమవైపు చూడండి. భయంకరమైన మొసలి!" అని చదివి నూకరాజు తలెత్తాడు. గవరయ్య వెనక నీళ్ళలోంచి రెండు కళ్ళు లేచాయి. ఆ కళ్ళ వెనక ఒక వీపు లేచింది. అది లేస్తూనే ఉంది. రెండేళ్ళకి నిజం మొసలి తిరిగొచ్చింది.

గవరయ్య చూశాడు. ఇన్‌చార్జి బాధ్యతలన్నీ అక్కడే వదిలేసి చెట్టెక్కి, కొమ్మ మీద మళ్ళీ నోరు తెరిచాడు. డ్యూటీ ఇంకా ఏడు నిమిషాలుంది.

"ఎవరు నువ్వు?" అని భల్లూకరావు గద్దించాడు.

"మొసలిని" అంది మొసలి.

గుమాస్తా రిజిస్టరు తిరగేసింది. "మంజూరైన మొసళ్ళు ఒకటండీ. ఆ ఒకటీ చెట్టు మీదుంది."

"విన్నావుగా? ఇక్కడ ఖాళీ లేదు. గట్టు మీద ఉండటానికి వీల్లేదు" అన్నాడు భల్లూకరావు.

"పోనీ నావలో?" అంది మొసలి.

గుమాస్తా మళ్ళీ తిరగేసింది. "కుడివైపు సీట్లన్నీ ఖాళీనేనండీ. ఎక్కకూడదని ఎక్కడా లేదు."

"బాబోయ్, సార్, వద్దండీ! అది మొసలండీ, తినేస్తదండీ!" అని నూకరాజు అరిచాడు.

"మొసలి చెట్టు మీదుంది. చూపించింది నువ్వే" అన్నాడు భల్లూకరావు. "అది మొసలి కాదంటావా? చెప్పు, రాసుకుంటాం. ఇన్నాళ్ళుగా ఈ గైడు ఇంకేదో జంతువుని చూపించి మొసలన్నాడని రాయమంటావా?"

నూకరాజు కళ్ళ ముందు పైడమ్మ నోట్లో వేలాడే చిన్నది కనిపించింది. ఇంకొక్క రెండు గంటలు ఎలాగో గడిస్తే సంతకం.

"లేదండీ. అదే మొసలండీ" అన్నాడు చెట్టు వైపు చూపిస్తూ.

మొసలి మర్యాదగా నావెక్కి కుడివైపు కూర్చుంది. నావ అటు ఒరిగింది. నూకరాజు గెడ తీసుకుని నావని రేవు వైపు తిప్పాడు.

కొంగల చెట్టు కుడివైపు వచ్చింది.

"చదవవేం?" అన్నాడు భల్లూకరావు.

"ఎడమవైపు చూడండి. వెయ్యి కొంగలు వాలే చెట్టు."

అందరూ ఎడమవైపు తిరిగి ఖాళీ బురదని చూశారు. "అబ్బ, ఎంత తెల్లగా ఉన్నాయో!" అంది నెమలి. ఆమె ఆఖరి మాట అదే. వెనక టప్‌మని ఒక చప్పుడైంది. అందరూ మళ్ళీ ఇటు తిరిగేసరికి నెమలి సీట్లో ఈక ఒక్కటే ఉంది, మొసలి మూతి తుడుచుకుంటోంది.

"సభ్యురాలేరీ?" అన్నాడు భల్లూకరావు.

"మధ్యలో దిగిపోయినట్టున్నారండీ" అని గుమాస్తా రాసుకుంది. "అనుమతి లేకుండా."

"దిగలేదండీ! తినేసిందండీ! చెట్టు మీదున్నది ఉడుమండీ, దాని పేరు గవరయ్యండీ! నాకు ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు, మీరు దూకెయ్యండి బాబూ!" నూకరాజు ఏడుస్తూ చెప్పేశాడు. ఆరేళ్ళలో అతను ఇన్ని సొంత మాటలు మాట్లాడింది అప్పుడే.

గుమాస్తా కాయితం మీద వేలు పెట్టి వెతికింది. "ఇదేదీ పాఠంలో లేదండీ."

"విన్నావా? పాఠం చదువు" అన్నాడు భల్లూకరావు.

పీతల దిబ్బ వచ్చింది. నూకరాజుకి ఒక ఉపాయం తట్టింది. గొంతు పెద్దది చేసి, "కుడివైపు చూడండి!" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. గుమాస్తా నొచ్చుకుంది. "ఎడమ అనుంది నాయనా" అని నూకరాజుని సవరించి, ఎలా చూడాలో తనే ఎడమవైపు తిరిగి చూపించింది. టప్‌మంది.

భల్లూకరావు ఖాళీ సీటునీ, కింద పడిన రిజిస్టర్నీ చూశాడు. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో అనుమానం మెదిలింది. భల్లూకరావు రిజిస్టరు తీసి, 'గుమాస్తా కూడా దిగిపోయింది' అని స్వయంగా రాసి, కింద తేదీ వేశాడు.

ఇక మిగిలింది తేనెపట్టు చెట్టొక్కటే. నూకరాజు కాయితాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నేను చదవనండీ. చంపినా చదవను."

"చదవకపోతే తనిఖీ పూర్తికాదు" అని భల్లూకరావు దాన్ని లాక్కున్నాడు. తనే లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఎడమవైపు చూడండి, ఈ అడవిలోకెల్లా పెద్ద తేనెపట్టు" అని చదివి, తను చదివినదానికి తనే కట్టుబడి, ఎడమవైపు మెడ చాచాడు.

ఈసారి మొసలికి కాస్త ఎక్కువ సేపు పట్టింది.

తిన్నాక అది చైర్మన్ సీట్లో కూర్చుంది. కుర్చీ సరిపోయింది. "నువ్వు భయపడకు. నిన్ను తింటే గెడ ఎవరు వేస్తారు?" అంది నూకరాజుతో.

ఐదింటికి నావ రేవుకి చేరింది. బకేశ్వరరావు చైర్మన్ సీటు వైపు చూసి వంగి దణ్ణం పెట్టాడు. ఆ సీట్లో ఉన్నవాళ్ళ ముఖం చూసే అలవాటు అతనికి లేదు.

"అయ్యా, మిగతా వాళ్ళు?"

"దిగిపోయారు. రిజిస్టర్లో ఉంది" అన్నారు మొసలిగారు. తర్వాత నూకరాజుని పక్కకి పిలిచారు. "ఈ అడవి మొత్తం మీద నన్ను గుర్తుపట్టి చెప్పింది నువ్వొక్కడివే. నీ ఫైలు మీద సంతకం పెడుతున్నా. కాకపోతే, నేనున్నానని కాయితం మీద ఉంటే దిగిపోయినవాళ్ళు ఏమయ్యారని ఎవరైనా అడుగుతారు. అందుకని పాఠంలో ఒక్క వాక్యం మార్చా. రేపట్నించి అది చదువు. ఇష్టం లేకపోతే చెప్పు, ఇంకో గైడుని చూసుకుంటాం."

నూకరాజు కాయితం అందుకుని చదివాడు. తనిఖీ జరుగుతుంటే ఉద్యోగం వద్దని ఏడ్చింది అతని నోరే. కానీ రేవు అవతల పోటు ఎక్కుతోంది, పైడమ్మ రెండో పిల్లని నోట కరుచుకుని గట్టెక్కుతోంది.

"ఆయ్. చదువుతానండీ" అన్నాడు.

మొసళ్ళు లేవని తేలాక ఇన్‌చార్జి మొసలి అవసరం లేదు కదా, గవరయ్య పోస్టు రద్దయింది. అతను ఖాళీ చేసిన బొరియే నూకరాజుకిచ్చారు. చాలా పొడిగా ఉంది. వారం తిరక్కుండా చిన్నదాని దగ్గు తగ్గిపోయింది.

సంతకమైన మర్నాడు తొమ్మిదికి నావ నిండా కుందేళ్ళు. నూకరాజు కాయితం మీంచి తలెత్తకుండా చదివాడు: "ఎడమవైపు చూడండి. ఈ కాలువలో మొసళ్ళు లేవు. నిర్భయంగా కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవచ్చు."

నీతి: ఉద్యోగం పర్మనెంటు కావాలంటే, ప్రయాణికులు టెంపరరీ అయినా సర్దుకుపోవాలి.